బ్రౌజరు మాటలను తెలుగులో విప్పి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

నేను కర్నూలు పాత బస్టాండు దగ్గర ఇరవై ఏళ్లకు పైగా జిరాక్సు, నెట్ సెంటరు నడుపుతున్నాను. పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన ఒక వార్త చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక వ్యాపారి ఖాతాలోంచి డబ్బు పోయిందని, ‘గూగుల్‌లో లింకు నొక్కడంతో’ అట్లా జరిగిందని అందులో ఉంది. రెండుసార్లు చదివినా సంగతి నాకు అంతుపట్టలేదు. ఆయన నొక్కింది వెతికితే పైన వచ్చే ప్రకటననా? ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకునా? తెర మూలన లేచిన నోటిఫికేషన్‌నా? లేక బ్రౌజరుకు తగిలించుకున్న ఏదో ఎక్స్‌టెన్షన్ ఆయన్ను వేరే సైటుకు మళ్లించిందా? ఇవి నాలుగూ నాలుగు వేర్వేరు దారులు. దొంగ ఏ తలుపు గుండా వచ్చాడో చెప్పకుండా ‘దొంగలున్నారు, జాగ్రత్త’ అంటే ఇంటాయన ఏ తలుపుకు గడియ పెట్టుకోవాలి?

మీ విలేకరిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఈ మాటలను తెలుగులో విడమరచి చెప్పినవాళ్లు తక్కువ. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇంజినీరింగు చదివేవాళ్లున్నారు, డిగ్రీ వాళ్లున్నారు. బ్రౌజరుకూ సెర్చ్ ఇంజన్‌కూ తేడా ఏమిటని అడిగితే వాళ్లలో చాలామంది నా మొహం చూస్తారు. తేడా తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక పెద్దాయన కథ చెప్తాను. ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

మొన్న వేసవిలో మా వీధి చివరి ఇంట్లో ఉండే రిటైర్డు హెడ్మాస్టరు గారు లాప్‌టాప్ చంకన పెట్టుకొని వచ్చారు. లెక్కల సారు. మా పెద్దోడికి పదో తరగతిలో ఆయనే చెప్పారు. “అమ్మా, నా గూగుల్ చెడిపోయింది. ఎవరికి చెప్పుకోవాల?” అన్నారు. ఏది వెతికినా గూగుల్ పేజీ కాకుండా, ఎన్నడూ వినని పేరుతో ఇంకో పేజీ వస్తోంది. అందులో అన్నీ ప్రకటనలే. అప్పటికే ఒక రిపేరు షాపులో చూపించి పదిహేను వందలు ఇచ్చారు. వాళ్లు ‘వైరస్ ఎక్కింది సార్’ అని చెప్పి, మొత్తం ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ ఎక్కించి ఇచ్చారు. ఆయన పత్తికొండలో, కోడుమూరులో, ఇంకా ఎన్నో బడుల్లో పనిచేశారు. ఏటేటా పదో తరగతి పిల్లలతో తీయించుకున్న గ్రూపు ఫొటోలన్నీ స్కాను చేయించి అందులో దాచుకున్నారు. ఫార్మాట్‌తో అవన్నీ పోయాయి. అంతా పోగొట్టుకొని ఇంటికి తెచ్చుకొని, క్రోమ్ తెరిచి, తన మెయిలుతో సైన్ ఇన్ అయిన కాసేపటికే ఆ ప్రకటనల పేజీ మళ్లీ ఎదురుగా నిలబడింది.

“వైరస్సే అయితే ఫార్మాట్ కొట్టినాక ఎట్లొస్తాదమ్మా?” అని అడిగారు సారు. రిపేరు షాపువాళ్లు తమను తాము అడుక్కోవాల్సిన ప్రశ్న అది.

అది వైరస్ కాదు, ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజరుకు మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాము. క్రోమ్‌లో అడ్రసు రాసే పట్టీకి కుడి పక్కన పిల్లల పజిల్ ముక్కలాంటి చిన్న బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే బ్రౌజరుకు మనం తగిలించుకున్నవన్నీ వరసగా కనిపిస్తాయి. సారు దాంట్లో పీడీఎఫ్‌లు కలిపేది ఒకటి ఉంది. పెన్షను కాగితాలన్నీ ఒకే ఫైలుగా చేసి పంపాల్సి వచ్చినప్పుడు, ఉచితం అన్నారని ఆయన చేతులతో ఆయనే పెట్టుకున్నారు. అది పీడీఎఫ్‌లు కలిపింది, దాంతోపాటు సెర్చ్ ఇంజన్‌నూ మార్చేసింది. మరి ఫార్మాట్ తర్వాత ఎట్లా తిరిగొచ్చింది? క్రోమ్‌లో సింక్ అనే ఏర్పాటు ఉంది. మన ఖాతాతో సైన్ ఇన్ అయి సింక్ పెట్టుకుంటే బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు, ఎక్స్‌టెన్షన్లు అన్నీ ఏ సిస్టంలోకి పోతే ఆ సిస్టంలోకి మన వెంట వస్తాయి. మన మేలు కోసం పెట్టిన ఏర్పాటే. సారు విషయంలో మాత్రం యంత్రాన్ని కడిగారు, ఖాతాను కడగలేదు. నేను దాన్ని తీసేసి, సెట్టింగుల్లో సెర్చ్ ఇంజన్‌ను మళ్లీ గూగుల్‌కు మార్చి, పాస్‌వర్డు మార్పించాను. తీసేసి మార్చడానికి నాకు పట్టింది మూడు నిమిషాలు. ఫొటోలను మాత్రం తేలేకపోయాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ తర్వాత ఆయన అన్నమాట. “దాన్ని పెట్టుకునేటప్పుడు ఏమన్నా అడిగిందా సార్?” అన్నాను. “అడిగింది. ఇంగ్లిషులో. నేను చదివినా. అన్ని వెబ్‌సైట్లలో నీ డేటా అంతా చదువుతాను, మారుస్తాను అని ఉండె. డేటా అంటే నెలనెలా రీచార్జి చేసుకునే డేటా కదా, ఇంట్లో వైఫై ఉంది, దాని ఖర్చు నాకేముంది అని ఒప్పుకున్నా” అన్నారు.

చూడండి. ఆయన చదవకుండా నొక్కినవాడు కాదు. ప్రతి అక్షరం చదివాడు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. మన ఊళ్లలో ‘డేటా’ అంటే రోజుకు ఒకటిన్నర జీబీ, అయిపోతే మెసేజి వచ్చేది. ఆ పెట్టెలో ‘డేటా’ అంటే మీరు చూసే పేజీలో ఉన్నదంతా, మీరు కొట్టే ప్రతి అక్షరం, బ్యాంకు సైటులో కనపడే నిల్వ, మెయిలులోని ఉత్తరం. ఒకే మాటకు రెండర్థాలు. మనకు తెలిసిన అర్థం మనల్ని ముంచింది. దీన్ని చదువు లేకపోవడం అనలేము. ఈ మాట ఈ చోట ఏమి చెప్తోందో మన భాషలో ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చింది ఈ నష్టం.

‘గూగుల్ చెడిపోయింది’ అన్నమాటను కూడా విప్పాలి. గూగుల్ ఒక కంపెనీ. గూగుల్ సెర్చ్ ఆ కంపెనీ నడిపే వెబ్‌సైటు, దాన్నే సెర్చ్ ఇంజన్ అంటాం. క్రోమ్ అదే కంపెనీ చేసిన బ్రౌజరు, అంటే మన సిస్టంలోనో ఫోనులోనో ఉండి వెబ్‌సైట్లను తెచ్చి చూపించే ప్రోగ్రాము. బ్రౌజరు బండి లాంటిది, వెబ్‌సైటు మనం పోవాల్సిన ఊరు, సెర్చ్ ఇంజన్ దారి చెప్పే మనిషి. ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీ, ఒపెరా కూడా బండ్లే. ఏ బండి ఎక్కినా అదే ఊరికి పోవచ్చు. నేను సెంటరు పెట్టిన కొత్తలో అందరూ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడేవాళ్లు. ఆ నీలం రంగు ‘ఈ’ అక్షరం బొమ్మనే ఇంటర్నెట్ అనుకునేవాళ్లు. ఆ బొమ్మ తెర మీద కనపడకపోతే “నెట్ పోయిందక్కా” అని లేచిపోయేవాళ్లు. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఆ బ్రౌజరుకు స్వస్తి చెప్పింది. నెట్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

బండికీ దారి చెప్పే మనిషికీ తేడా జనానికి తెలియకపోవడానికి ఒక కారణం కూడా ఉంది. పాత బ్రౌజర్లలో అడ్రసు రాసే పెట్టె వేరు, వెతుక్కునే పెట్టె వేరు. 2008 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ ఆ రెంటినీ ఒకటి చేసింది. సౌకర్యమే. కానీ ఇప్పుడు ఆ పట్టీలో పూర్తి అడ్రసు కొడితే నేరుగా ఆ సైటుకు పోతాం, పేరు కొడితే సెర్చ్ ఫలితాల పేజీకి పోతాం. ఆ పేజీలో పైన డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలు ఉండొచ్చు. కోడుమూరు దిక్కు నుంచి వచ్చిన ఒక అక్క తన కూతురి సర్టిఫికెట్ కోసం ఇంట్లోనే ఫోనులో వెతికి, అన్నిటికంటే పైన వచ్చినదాన్ని నొక్కి, ఎనిమిది వందల యాభై రూపాయలు కట్టింది. అది సర్కారు సైటు కాదు. దరఖాస్తూ లేదు, డబ్బూ లేదు. “పేరు అదే ఉంది కదక్కా” అని నా దగ్గరికొచ్చి ఏడ్చింది.

పేరు ఉంటే చాలదు. వెబ్ అడ్రసును కుడివైపు నుంచి చదవాలి. పోస్టు చిరునామా ఎట్లా రాస్తాం? ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా. చివర ఉన్నదే పెద్దది. వెబ్ అడ్రసులోనూ అంతే. మొదట్లో హెచ్‌టీటీపీఎస్ పక్కన ఉండే జంట గీతలను వదిలేసి, ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత వచ్చేలోపు చివరన ఏముందో చూడాలి. మన ప్రభుత్వ సైట్లు ఎక్కువగా డాట్ జీవోవీ డాట్ ఇన్ అని ముగుస్తాయి. ముందు భాగంలో ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. హైదరాబాదులో ఒక వీధిలో కర్నూలు మెస్ అని బోర్డు ఉన్నంత మాత్రాన అది కర్నూలు అవుతుందా? ఈ ఒక్క ఉదాహరణ చెప్పాక ఆ అక్క ఇంకెన్నడూ మోసపోదని నాకు నమ్మకం. ఇప్పుడు ఆమే వాళ్ల ఊరి ఆడోళ్లకు చెప్తోంది.

అడ్రసు పక్కన ఉండే తాళం బొమ్మ విషయం కూడా ఇట్లాంటిదే. ‘తాళం గుర్తు ఉంటే ఆ సైటు మంచిది’ అని చాలా ఏళ్లుగా ఎక్కడ చూసినా రాశారు, మీ పత్రికలో కూడా చదివిన గుర్తు. తాళం చెప్పేది ఒక్కటే: మీకూ ఆ సైటుకూ మధ్య పోయే సమాచారాన్ని దారిలో ఎవరూ విప్పి చదవలేరు. కవరుకు లక్క ముద్ర వేసి పంపడం లాంటిది అది. కవరు అందుకునేవాడు మంచివాడో మోసగాడో ముద్ర చెప్పదు. దొంగ సైటుకూ తాళం ఉంటుంది. జనం దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ 117లో ఆ తాళం బొమ్మనే తీసేసి, సెట్టింగుల గుర్తు లాంటిది పెట్టారు. బ్రౌజరు చేసినవాళ్లే మార్చుకున్నాక మనం ఇంకా పాత మాటే చెప్తుంటే ఎట్లా?

ఇక కుకీలు. ఏ సైటు తెరిచినా ‘కుకీలకు ఒప్పుకోండి’ అని అడుగుతుంది. బిస్కెట్ల ప్రకటన అనుకొని మూసేసేవాళ్లను చూశాను. మంత్రాలయం పోయినప్పుడు చెప్పులు వదిలితే టోకెను ఇస్తారు కదా, కుకీ అట్లాంటిది. మనం లాగిన్ అయినప్పుడు సైటు మన బ్రౌజరు చేతికి ఒక టోకెను ఇస్తుంది. ఆ తర్వాత ఆ సైటులో ఏ పేజీకి పోయినా బ్రౌజరు దాన్ని చూపిస్తుంది, ‘ఈయన ఇందాక వచ్చినాయనే’ అని సైటు గుర్తుపడుతుంది. అందుకే ప్రతి పేజీకీ పాస్‌వర్డు అడగదు. 1994లో నెట్‌స్కేప్ బ్రౌజరులో పుట్టిన ఏర్పాటిది, అది లేకుండా ఈ రోజు ఏ టికెట్టు బుకింగూ నడవదు. అయితే టోకెను ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లకే ఇస్తారు. మీ టోకెను వేరేవాడి చేతికి పోతే వాడికి మీ పాస్‌వర్డుతో పని లేదు, చాలాసార్లు ఓటీపీతో కూడా పని లేదు, మీరు లోపల ఉన్నంతసేపూ వాడూ లోపలే. ‘ఓటీపీ ఎవరికీ చెప్పలేదు సార్, అయినా ఖాతా వాడి చేతికి పోయింది’ అని చెప్పేవాళ్ల మాటను ఎవరూ నమ్మరు. అది నిజమే అయ్యుండొచ్చని నేను నమ్ముతాను. అన్ని సైట్లలో అన్నీ చదివే అనుమతి తీసుకున్న చెడ్డ ఎక్స్‌టెన్షన్‌కు ఈ పని చేతనవుతుంది.

అందుకే నెట్ సెంటర్లో నేను ప్రతి మనిషికీ ఇన్‌కాగ్నిటో విండో తెరిచి ఇస్తాను. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కితే వస్తుంది. పని అయ్యాక ఆ విండోలన్నీ మూసేస్తే ఆ మనిషి లాగిన్లు, కుకీలు, హిస్టరీ ఆ సిస్టంలో మిగలవు. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అందులో పనిచేయవు. కానీ అది మాయ తెర కాదు. మీరు పోయిన సైటుకు మీరు వచ్చినట్టు తెలుస్తుంది, నెట్ ఇచ్చే కంపెనీకి మీరు ఎక్కడికి పోయారో తెలుస్తుంది. దించుకున్న ఫైళ్లు కూడా డౌన్‌లోడ్స్ ఫోల్డరులో అట్లే పడి ఉంటాయి. ఈ సంగతి నాకు తెలిసిన రోజు నా గుండె ఝల్లుమంది. అప్పటికి ఆ ఫోల్డరులో ఎంతమంది ఆధార్ కాపీలు, పాసు పుస్తకాలు ఉన్నాయో. ఆ రోజు నుంచి రాత్రి షట్టరు దించే ముందు ఆ ఫోల్డరును, రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేయకుండా ఇంటికి పోలేదు. మీ పాఠకులు ఏ నెట్ సెంటరుకు పోయినా వచ్చేటప్పుడు ఆ పని చేయించుకోవాలి. అడగడానికి మొహమాటపడొద్దు.

‘క్యాష్’ గురించి రెండు ముక్కలు. ఒకసారి చూసిన పేజీ సామాన్లను బ్రౌజరు తన దగ్గర దాచిపెట్టుకుంటుంది, మళ్లీ తొందరగా చూపించడానికి. పలికితే నగదు లాగా ఉంటుంది కాబట్టి ‘క్యాష్ క్లియర్ చేయండి’ అంటే డబ్బులు కట్టమన్నారనుకొని పర్సు తీసినవాళ్లు ఉన్నారు. ఫలితాలు విడుదలైనా పాత పేజీయే కనపడుతుంటే కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కితే చాలు.

ఎక్స్‌టెన్షన్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఈ ఉత్తరానికి మూలం అదే కాబట్టి. మన దగ్గర ఆ మాటకు ఎన్ని అర్థాలో చూడండి. దరఖాస్తు గడువు పెంచితే ఎక్స్‌టెన్షన్. కరెంటు వైరుతో ఉండే పెట్టె ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఫైలు పేరు చివర పీడీఎఫ్, జేపీజీ అని ఉండేది ఫైలు ఎక్స్‌టెన్షన్. ఇవన్నీ దాటుకొని బ్రౌజరు ఎక్స్‌టెన్షన్ దగ్గరికి రావాలి. ‘ఎక్స్‌టెన్షన్ తీసేయమ్మా’ అంటే ఒక పిల్ల భయపడి, “లాస్ట్ డేటు ఈరోజేనా ఆంటీ?” అనింది. తెలుగులో కొందరు పొడిగింత అంటారు. మాట బాగుంది. బ్రౌజరుకు విహారిణి అన్న మాట కూడా నాకు వినసొంపుగా ఉంటుంది. కానీ పొడిగింత అన్నా ఆ పిల్లకు గడువే గుర్తొస్తుంది. నా మటుకు నేను ఎక్స్‌టెన్షన్ అనే మాటనే ఉంచి, ‘బ్రౌజరుకు తగిలించే చిన్న ప్రోగ్రాము’ అని పక్కన చెప్తాను. మీరు ఏ మాట ఎంచుకున్నా ఫర్వాలేదు, ఎప్పుడూ అదే మాట వాడండి. ఒక రోజు పొడిగింత, ఒక రోజు యాడ్‌ఆన్, ఒక రోజు ప్లగిన్ అంటే చదివేవాళ్లు మూడు వేర్వేరు వస్తువులు అనుకుంటారు.

ప్లగిన్ నిజంగానే వేరు. పేజీలో ఉన్న వీడియోనో ఆటనో బ్రౌజరు తనంతట తాను ఆడించలేని రోజుల్లో దానికి తోడుగా పెట్టిన వేరే సాఫ్ట్‌వేరు అది. అందరికీ తెలిసింది ఫ్లాష్ ప్లేయర్. 2020 డిసెంబరు 31తో అడోబి దాన్ని ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి అది ఏదీ ఆడించకుండా చేసింది. కాబట్టి ఈ రోజు ఏ పేజీ అయినా ‘మీ ఫ్లాష్ ప్లేయర్ పాతబడింది, అప్‌డేట్ చేసుకోండి’ అంటే అది అబద్ధం. చచ్చిపోయిన మనిషి పేరు మీద చందా వసూలు చేసినట్టు.

ఎక్స్‌టెన్షన్లంటే అన్నీ చెడ్డవని మీరు రాస్తే అదీ అన్యాయమే. నేను తెలుగులో కంప్యూటరు మీద చదవడం మొదలుపెట్టిందే ఒక ఎక్స్‌టెన్షన్ పుణ్యాన. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటుతో నడిచేవి. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చి గీతలు. ‘పద్మ’ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది. అది ఆ ఫాంట్ల అక్షరాలను యూనికోడ్ తెలుగులోకి, అంటే ఏ సిస్టంలోనైనా చదవగలిగే తెలుగులోకి మార్చి చూపేది. దాన్ని పెట్టి పేజీ మళ్లీ తెరిచినప్పుడు గీతల స్థానంలో అచ్చ తెలుగు అక్షరాలు రావడం ఈనాటికీ నా కళ్లముందు ఉంది. పక్క సిస్టంలో కూర్చున్న ఉస్మానియా కాలేజీ పిల్లలను పిలిచి చూపించాను. ఆ పని అది ఎట్లా చేసింది? నేను చూస్తున్న పేజీని చదివి, మార్చి. హెడ్మాస్టరు గారి సెర్చ్ మార్చిన పీడీఎఫ్ ఎక్స్‌టెన్షనూ ఆ అనుమతితోనే వచ్చింది. పేజీని చదివి మార్చే శక్తి లేకుంటే ఏ ఎక్స్‌టెన్షనూ ఇట్లాంటి మేలు చేయలేదు, ఆ శక్తి ఉన్నదేదైనా కీడు కూడా చేయగలదు. అందుకే దాన్ని ఎవరు చేశారు, నాకు అవసరమా, ఏ ఏ సైట్లలో పనిచేయనివ్వాలి అని అడగాలి. క్రోమ్‌లో ఒక్కో ఎక్స్‌టెన్షన్‌ను ‘నొక్కినప్పుడు మాత్రమే’ పనిచేసేట్టుగానో, ఎంచిన సైట్లకే పరిమితంగానో పెట్టుకోవచ్చు. ఈ సౌకర్యం ఉందని తెలిసినవాళ్లు నాకు చాలా తక్కువమంది తగిలారు.

ఒకసారి మంచిదని పెట్టుకున్నది ఎప్పటికీ మంచిదిగానే ఉంటుందన్న భరోసా కూడా లేదు. ది గ్రేట్ సస్పెండర్ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది. ఎక్కువ ట్యాబులు తెరిచి పెట్టుకునేవాళ్లకు, వాడని ట్యాబులను నిద్రపుచ్చి సిస్టం మీద బరువు తగ్గించేది. ఇరవై లక్షల మందికి పైగా వాడారు. 2020లో దాన్ని చేసినాయన వేరేవాళ్లకు అమ్మేశాడు. కొత్త యజమాని చేతిలో దాని లోపలి కోడు మారింది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమైనదని చెప్పి తొలగించింది. వాడేవాళ్లు ఏ తప్పూ చేయలేదు, కొత్తగా ఏదీ నొక్కలేదు. ఎక్స్‌టెన్షన్లు వాటంతట అవే అప్‌డేట్ అవుతాయి. మనం పాలు పోయించుకునే మనిషి మారితే మనకు తెలుస్తుంది, ఇక్కడ తెలియదు. కాబట్టి నెలకొకసారి ఆ పజిల్ బొమ్మ నొక్కి, అక్కరలేనివి తీసేయాలి. పండక్కి అటక దులుపుకుంటాం కదా, అట్లా. ఫోనులోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉండవు, ఇది సిస్టం, లాప్‌టాప్ వాడేవాళ్లకు చెప్పే మాట. ఫోను వాడేవాళ్ల బాధ నోటిఫికేషన్లు. ఏదో సైటు ‘అనుమతించు’ అంటే నొక్కుతారు, ఆ తర్వాత రోజంతా ‘మీ ఫోనులో పదమూడు వైరస్‌లు’ అని వస్తుంటాయి. అది బ్రౌజరు ద్వారా ఆ సైటు పంపే చీటీ, ఫోనుకు ఏ రోగమూ లేదు. బ్రౌజరు సెట్టింగుల్లో నోటిఫికేషన్లలోకి పోయి ఆ సైటు పేరు తీసేస్తే ఆగిపోతుంది. దీనికీ ఫోన్లు ఫార్మాట్ చేయించుకున్నవాళ్లున్నారు.

ఫార్మాట్ మాట వచ్చింది కాబట్టి, నా సొంత నష్టం ఒకటి చెప్పాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరిని ముంచినప్పుడు నా సెంటరులోని నాలుగు సిస్టంలూ బురదలో మునిగాయి. నీళ్లు తీశాక వాటిని ఎత్తి చూస్తే లోపలి నుంచి ఒండ్రు కారింది. అప్పటికి అయిదేళ్లుగా నేను బుక్‌మార్క్ చేసుకున్న సైట్లు, ఏ దరఖాస్తు ఎక్కడ చేయాలో రాసిపెట్టుకున్న దారులన్నీ ఆ సిస్టంల బ్రౌజర్లలోనే ఉండేవి. బుక్‌మార్క్ నెట్‌లో ఉంటుందని, ఏ సిస్టంలో చూసినా దొరుకుతుందని అనుకునేదాన్ని. అది నా యంత్రంలో ఉండే చిన్న గుర్తు మాత్రమేనని ఆ వరదే నేర్పింది. ఖాతాతో సింక్ చేసుకుంటే తప్ప ఈ రోజుకీ అంతే. వెనకటి జాబితా మళ్లీ కట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. మన వివరాలు తీసుకోవడానికి సమ్మతి అడిగేవాళ్లు ఇచ్చే నోటీసును ఇంగ్లిషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ చదువుకునే వీలు మనకు ఉండాలని అందులో ఉంది. ఆ భాషల్లో తెలుగూ ఒకటి. సంతోషం. రేపు ఆ పెట్టెలు తెలుగులో వచ్చినా, ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం’ అని తెలుగు అక్షరాల్లో ఉన్నా, డేటా అంటే రీచార్జి అనుకునే హెడ్మాస్టరు గారికి అది ఏమి చెప్తుంది? లిపి మారితే చాలదు, అర్థం అందాలి. ఆ పని చేయగలిగింది ఇంటింటికీ పోయే పత్రిక. యూట్యూబులో వీడియోలున్నాయి, నాకు తెలుసు. కానీ మా సారు పేపరులో వచ్చినదాన్ని కత్తిరించి పుస్తకంలో అంటిస్తారు, నాలుగు రోజుల తర్వాత మళ్లీ చదువుతారు. వీడియోను ఎవరూ కత్తిరించి అంటించరు.

నా విన్నపం పెద్దదేమీ కాదు. వారానికి ఒక్క మాట వేయండి. జిల్లా పేజీలో ఒక మూల, నాలుగు అంగుళాలు చాలు. ట్యాబు, అడ్రసు పట్టీ, డౌన్‌లోడు, కుకీ, క్యాష్, హిస్టరీ, ఇన్‌కాగ్నిటో, పాప్-అప్, ఎక్స్‌టెన్షన్, అనుమతి. తెర మీద అది ఎక్కడ ఉంటుందో ఒక బొమ్మ, దాన్ని ఏమి చేయొచ్చో మూడు వాక్యాలు. సైబరు మోసం వార్త రాసేటప్పుడు పోలీసులను ఒక్క ప్రశ్న ఎక్కువ అడగమని మీ విలేకరులకు చెప్పండి: మోసం ఏ దారిన జరిగింది? ప్రకటనా, లింకా, నోటిఫికేషనా, ఎక్స్‌టెన్షనా, ఫోనులో వేయించిన యాపా? ఆ ఒక్క మాట వార్తలో ఉంటే చదివినవాళ్లు తమ సిస్టంలో అది ఉందో లేదో చూసుకుంటారు. డబ్బు పోయినవెంటనే సైబరు మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలన్నది మీరు ప్రతి వార్త కిందా వేస్తున్నారు, అది మానొద్దు.

నా సెంటరులో కౌంటరు మీద ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు ఉంది. వచ్చినవాళ్లు ఏ మాట దగ్గర ఆగిపోయారో, దాన్ని ఏమనుకున్నారో, నేను ఎట్లా చెప్తే అర్థమైందో రెండేళ్లుగా అందులో రాసిపెడుతున్నాను. మీ వాళ్లెవరైనా వస్తే ఇస్తాను, జిరాక్సు కూడా నేనే తీసి ఇస్తాను. ఎక్స్‌టెన్షన్‌తో మొదలుపెట్టండి. హెడ్మాస్టరు గారు ఈ సంగతి విని అప్పుడే ఒక కొత్త పుస్తకం కొని, అట్ట మీద ‘బ్రౌజరు మాటలు’ అని రాసి పెట్టుకున్నారు. మొదటి పేజీ ఖాళీగా ఉంచారు.

ఇట్లు,
ఒక నెట్ సెంటరు నిర్వాహకురాలు,
పాత బస్టాండు ప్రాంతం, కర్నూలు.